శృంగారంలో ఇద్దరి ఆశలు ఎంతవరకు కలుస్తాయి? కొలతల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

భార్యాభర్తలు, పెళ్లి కుదిరినవాళ్లు, కలిసి ఉంటున్న జంటలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. వరసగా చదవక్కర్లేదు. ఒక్కటే చదివే తీరిక ఉంటే "మూడో అంకె" గురించిన జవాబు చదవండి, మిగతావన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఇక్కడ పొంతన అంటే సరిగ్గా ఏం కొలుస్తారు?

కోరిక ఎంత ఉందన్నది ఒక సంగతి. దాని నుంచి ఏం ఆశిస్తున్నారన్నది వేరే సంగతి. ఇద్దరికీ వారానికి రెండుసార్లు దగ్గరవ్వాలని ఉండొచ్చు. కానీ ఒకరికి అది రోజంతా పడ్డ టెన్షన్ దించుకునే దారి, ఇంకొకరికి తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నాక దానంతటదే రావాల్సినది. లెక్క కలిసినా ఆశ కలవలేదు.

ఆశల్లోకి చాలా వస్తాయి. ఎన్నాళ్లకొకసారి, ఏ వేళప్పుడు, చొరవ ఎవరు తీసుకోవాలి, "ఇవాళ వద్దు" అంటే అవతలివాళ్లు ఎలా తీసుకోవాలి, ఏవి ఇష్టం, ఏవి ససేమిరా వద్దు, గర్భం రాకుండా జాగ్రత్త ఎవరు పడాలి, పిల్లలు అదే గదిలో పడుకుంటే ఏం చేయాలి. ఈ విషయాలు స్నేహితులతో చెప్పుకోవచ్చా లేదా అన్నది కూడా ఒక ఆశే. దీని గురించి ముందే అనుకున్న జంటలు తక్కువ, తర్వాత తెలిసి బాధపడేవాళ్లు ఎక్కువ.

నిపుణులు తయారుచేసిన ప్రశ్నావళులు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. 1986లో రస్ట్, గోలంబాక్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రశ్నావళిని ప్రచురించారు. మగవాళ్లకు 28, ఆడవాళ్లకు 28 ప్రశ్నలు. సమస్య ఎక్కడుందో చూడటానికి అందులో విడివిడి భాగాలున్నాయి. ఇద్దరూ దీని గురించి మాట్లాడుకోకపోవడం, ఏదో ఒక వంకతో తప్పించుకోవడం కూడా అందులో లెక్కకు వస్తాయి. పేరులోనే పొంతన ఉన్నది హర్ల్‌బర్ట్ సూచిక, అందులో 25 వాక్యాలుంటాయి. కోరికను మాత్రమే కొలవడానికి 14 ప్రశ్నల జాబితా ఒకటుంది. భాగస్వామి మీద కలిగే కోరికనూ, ఒంటరిగా ఉన్నప్పుడు కలిగే కోరికనూ అది వేరు చేస్తుంది.

కెనడాలో లారెన్స్, బయర్స్ 1995లో వాడినది అన్నిటికంటే చిన్నది. "మొత్తం మీద మీ శృంగార జీవితం ఎలా ఉంది?" అని అడిగి మంచి–చెడు, ఆహ్లాదకరం–చిరాకు, విలువైనది–పనికిరానిది లాంటి 5 జతలు ఇస్తారు. ప్రతిదానికీ 1 నుంచి 7 దాకా మార్కు వేయాలి. రెండు నిమిషాల పని.

నెట్‌లో వెతికితే ముందు కనిపించేవి మాత్రం ఇవి కావు. ఆడవాళ్ల కోసం 2000లో వచ్చిన 19 ప్రశ్నల ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఐ, మగవాళ్ల కోసం 1997లో వచ్చిన 15 ప్రశ్నల ఐఐఈఎఫ్ కనిపిస్తాయి. ఇవి డాక్టర్లు శరీరం పనితీరు చూడటానికి వాడేవి. ఇద్దరూ వీటిలో నూటికి నూరు తెచ్చుకుని కూడా ఒకరికొకరు అస్సలు పొసగకపోవచ్చు.

ఇద్దరి మార్కులు తీసుకుని తేడా చూస్తే సరిపోదా?

సరిపోదు. కోరిక పదికి 2 ఉన్న ఇద్దరు కలిస్తే తేడా సున్నా. 9 ఉన్న ఇద్దరు కలిసినా సున్నాయే. కూడికలు, తీసివేతల్లో ఈ రెండు జంటలూ ఒకటే, కాపురంలో కావు. పైగా 8, 5 అని తేడా 3 వచ్చినప్పుడు ఎక్కువ ఎవరిది, తక్కువ ఎవరిది అన్నది కూడా ఆ 3లో మాయమైపోతుంది.

ఈ ఇబ్బంది దాటడానికి పరిశోధకులు ఇద్దరి మార్కులనూ విడివిడిగా ఉంచి, కలయికలన్నిటినీ ఒక ఉపరితలంలా గీసి, తృప్తి ఎక్కడ పెరుగుతోందో ఎక్కడ తగ్గుతోందో చూసే గణిత పద్ధతి వాడుతున్నారు. 2021లో కెనడా, అమెరికా పరిశోధకుల బృందం జంటల కోరికలను ఇలాగే పరిశీలించింది. కోరికలు సరిసమానంగా ఉన్నాయా లేదా అన్నదానికంటే, అసలు ఆ ఇంట్లో కోరిక ఎంత ఉందన్నదే తృప్తికి దగ్గరగా కనిపించింది. "మా ఇద్దరికీ తేడా ఉంది, మేం సరిజోడీ కాదు" అని దిగులుపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. కొంత తేడా దాదాపు ప్రతి జంటలోనూ ఉంటుంది, అది కాలంతో మారుతూనే ఉంటుంది.

మరి ఏం కొలిస్తే ఉపయోగం? "మూడో అంకె" అంటే ఏమిటి?

ఒక ప్రశ్నకు మీరు వేసుకున్న మార్కు ఒక అంకె. మీ భాగస్వామి వేసుకున్నది రెండోది. "తను ఎంత వేసి ఉంటుంది?" అని మీరు ఊహించి వేసేది మూడోది. మీ గురించి తను కూడా అలాగే ఊహిస్తుంది కాబట్టి ఇద్దరి వైపు నుంచీ కలిపితే నాలుగు అంకెలవుతాయి.

మామూలు క్విజ్‌లు మొదటి రెండింటినీ పోల్చి ఊరుకుంటాయి. అసలు విషయం మూడో అంకెలో ఉంటుందని నా నమ్మకం, దానికి ఆధారాలూ ఉన్నాయి. మిల్లర్, బయర్స్ కెనడాలో 152 జంటలను విడివిడిగా ప్రశ్నించి 2004లో ఫలితాలు ప్రచురించారు. ముద్దుముచ్చట ఎంతసేపు, కలయిక ఎంతసేపు ఉంటే బాగుంటుందని ప్రతి ఒక్కరినీ అడిగారు, భాగస్వామికి ఎంతసేపు ఇష్టమో కూడా ఊహించమన్నారు. ఆ ఊహలు భాగస్వామి చెప్పినదానికంటే "ఆడవాళ్లంటే ఇంతే, మగవాళ్లంటే ఇంతే" అన్న లోకాభిప్రాయానికి దగ్గరగా వచ్చాయి. ఏళ్ల తరబడి ఒకే మంచం మీద పడుకుంటున్న మనిషిని అడగకుండా, ఎవరో చెప్పిన ఆడదాన్నో మగవాడినో మనసులో పెట్టుకుని జవాబు రాశారన్నమాట.

అంతకుముందు 1997లో 76 జంటల మీద పర్నైన్, కేరీ చేసిన అధ్యయనం ఇష్టాలు కలవడాన్నీ, ఒకరి ఇష్టాలు ఇంకొకరికి తెలియడాన్నీ వేర్వేరుగా కొలిచింది. ఆమెకు ఏవి ఇష్టమో అతనికి ఎంత సరిగ్గా తెలుసన్నది లైంగిక తృప్తితో ముడిపడి కనిపించింది. 2016లో మ్యూజ్ అనే పరిశోధకురాలి బృందం చేసిన అధ్యయనం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఎప్పటినుంచో కలిసి ఉన్న జంటల్లో మగవాళ్లు తమ భాగస్వామి కోరికను ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేస్తున్నారు. మన సినిమాలు, జోకులు చెప్పేదానికి ఇది పూర్తిగా తిరగేసి ఉంది.

ఇద్దరి ఇష్టాలు కలవకపోతే దాన్ని మార్చడం కష్టం. ఊహ తప్పయితే ఒక సాయంత్రం కూర్చుని సరిచేసుకోవచ్చు. అందుకే ముందు దాన్ని కొలవమంటున్నాను.

ఇంట్లో మేమే చేసుకోవచ్చా? ఎలా?

చేసుకోవచ్చు. ఫోన్ వద్దు, రెండు కాగితాలు చాలు. ఇద్దరూ కలిసి ముందు ప్రశ్నలు రాసుకోండి. ఇదే సగం పని, ఎందుకంటే ప్రశ్న ఎలా అడగాలో తేల్చుకునేటప్పుడే చాలా బయటపడుతుంది. పది, పన్నెండు ప్రశ్నలు మించొద్దు. "నువ్వే ముందు దగ్గరికి రావడం నాకు ఎంత ముఖ్యం", "ముందు కబుర్లు, ముద్దుముచ్చట ఎంత ముఖ్యం", "కలయిక లేకుండా ఊరికే పక్కన పడుకోవడం ఎంత ఇష్టం", "కొత్తవి ప్రయత్నించడం", "లైటు ఉండటం", "అలసిపోయిన రాత్రి కంటే సెలవురోజు ఉదయం". ఇలాంటివి. ప్రతిదానికీ 0 నుంచి 10 దాకా మార్కు.

తర్వాత వేర్వేరు గదుల్లో కూర్చుని ప్రతి ప్రశ్నకూ రెండు మార్కులు వేయండి, మీది ఒకటి, అవతలివాళ్లది ఊహించి ఒకటి. అయ్యాక కాగితాలు పక్కపక్కన పెట్టండి.

ఉదాహరణకు ఒక జంటను ఊహించుకుందాం. ముద్దుముచ్చట ఎంత ముఖ్యమన్నదానికి ఆమె 9 వేసింది, ఆయన 7 వేసుకున్నాడు. అసలు తేడా 2, పట్టించుకోవాల్సినంత కాదు. ఆమె సంగతి ఊహించి ఆయన 9 వేశాడు, సరిగ్గా కుదిరింది. కానీ ఆయనకు 2 ఉంటుందని ఆమె ఊహించింది. అంటే ఈ మనిషికి ఇదంతా అక్కర్లేదని ఆమె ఎన్నాళ్లుగానో అనుకుంటోంది, అందుకే అడగడం మానేసింది. ఆమెకు ఇష్టమని తెలిసినా, అడగట్లేదు కాబట్టి ఆ పూటకు తొందరలో ఉందేమోనని ఆయన త్వరగా ముగిస్తున్నాడు. తేడాలు మాత్రమే చూసే క్విజ్ ఈ జంటకు "బాగా కలిశారు" అని చెప్పి పంపించేస్తుంది.

ఒకటి రెండు జాగ్రత్తలు. గొడవ జరిగిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. కాగితం చూసి "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అనొద్దు, ఆ మాటతో రెండోసారి నిజం రాయడం ఆగిపోతుంది. నవ్వొచ్చినా ఆపుకోండి. ఇంట్లో అత్తమామలు, పెద్ద పిల్లలు ఉంటే అందరూ ఏదైనా పెళ్లికి వెళ్లిన పూట చూసుకోండి. పని అయ్యాక కాగితాలు చింపేయండి.

ఒకరు అబద్ధం రాస్తే?

రాస్తారు. మంచిగా కనిపించాలనే తాపత్రయం ప్రశ్నావళులన్నిటికీ ఉన్న జబ్బే. విడిగా రాయించడం, తర్వాత దేనికీ సంజాయిషీ అడగనని ముందే మాటివ్వడం కొంతవరకు పనిచేస్తాయి. అన్నిటికీ 5 వేసిన కాగితం వస్తే అది జవాబు రాయడానికి భయం వేసిందని చెప్పే జవాబు.

వారానికి ఎన్నిసార్లు మామూలు?

ఈ ప్రశ్న వెనుక ఉండేది ఎప్పుడూ "మేం వెనకబడ్డామా?" అన్న బెంగే. 2015లో అచ్చయిన మ్యూజ్ బృందం పరిశీలన 30,000 మందికి పైగా అమెరికన్ల వివరాలు చూసింది. జంటగా ఉన్నవాళ్లలో వారానికి ఒకసారి దాకా కలయిక పెరిగేకొద్దీ సంతోషం కూడా ఎక్కువగా కనిపించింది. ఆ పైన ఎన్నిసార్లయినా అదనంగా పెరిగింది లేదు. ఇది సగటు మాత్రమే, కలయిక వల్లే సంతోషం వచ్చిందని ఇందులో రుజువు కాలేదు.

అదే ఏడాది లోవెన్‌స్టైన్ బృందం ఇంకో పని చేసింది. 64 జంటలను తీసుకుని, అందులో కొందరిని మూడు నెలల పాటు ఎప్పటికంటే రెట్టింపు సార్లు కలవమని చెప్పింది. వాళ్ల సంతోషం పెరగలేదు సరికదా, కోరిక, కలయికలో ఆనందం తగ్గాయి. ఎవరో చెప్పారని చేస్తే ఏదైనా డ్యూటీ అయిపోతుంది.

కోరిక గురించిన ప్రశ్నల్లో మా ఆవిడకు ఎప్పుడూ తక్కువ మార్కులే వస్తాయి. దగ్గరయ్యాక మాత్రం బాగానే ఉంటుంది. ఇదేంటి?

చాలామందికి ఇలాగే ఉంటుంది, మగవాళ్లలోనూ ఉంటారు. కొందరికి కోరిక ఊరికే కూర్చున్నప్పుడు కూడా పుడుతుంది. ఇంకొందరికి స్పర్శ, మాట, తీరిక దొరికాక మెల్లగా మేల్కొంటుంది. కెనడా డాక్టరు రోజ్‌మేరీ బాసన్ 2000లో ఈ రెండో రకాన్ని వివరంగా రాసేదాకా వైద్యంలో మొదటిదాన్నే కొలబద్దగా వాడేవారు. "గత నెలలో ఎన్నిసార్లు దాని గురించి ఆలోచన వచ్చింది?" అని అడిగే ప్రశ్నావళి రెండో రకం మనిషికి తక్కువ మార్కులే వేస్తుంది. ఆ ప్రశ్నతో పాటు "మొదలయ్యాక ఎంత ఇష్టంగా ఉంటుంది?" అన్నది కూడా చేర్చుకోండి. వంటిల్లు సర్ది, పిల్లలను పడుకోబెట్టి పదకొండింటికి మంచమెక్కిన మనిషిని కోరిక ఎంతుందని అడగడం కూడా సరైన కొలత కాదు.

జాతకాల్లో యోని పొంతన చూశారు. అది ఇదే కదా?

ఉద్దేశం ఇలాంటిదే. 36 గుణాల పట్టికలో యోని కూటమికి 4 గుణాలు. ఒక్కో నక్షత్రానికి ఒక్కో జంతువును కేటాయించి, మొత్తం 14 జంతువుల్లో ఏది దేనికి మిత్రమో శత్రువో చూసి మార్కులు వేస్తారు. అశ్విని, శతభిషం రెండూ గుర్రం కాబట్టి ఆ ఇద్దరికీ 4కు 4.

దాన్ని నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. కొలత దృష్టితో చూస్తే దానికున్న ఇబ్బంది ఒక్కటే, ఆ ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగరు. పెద్దవాళ్లు నోరు విప్పి మాట్లాడలేని సంగతికి పట్టికలో చోటు పెట్టడం మాత్రం నాకు నచ్చుతుంది. ఆ 4 గుణాల గడి అడ్డుపెట్టుకుని అబ్బాయి, అమ్మాయి మాట్లాడుకోవడం మొదలుపెట్టినా మంచిదే.

పెళ్లికి ముందే కొలుచుకోవచ్చా?

కొలత కంటే సంభాషణ మేలు. ఇద్దరూ ముందుగా నింపిన ఫారాలను బట్టి ఎవరికి ఎవరు నచ్చుతారో చెప్పగలమా అని జోయెల్, ఈస్ట్‌విక్, ఫింకెల్ 2017లో కంప్యూటర్ సాయంతో ప్రయత్నించారు. ఎవరు మామూలుగా ఎక్కువమందికి నచ్చుతారో కొంత చెప్పగలిగారు గానీ, ఫలానా ఇద్దరి మధ్య ప్రత్యేకంగా కుదిరే ఇష్టాన్ని పట్టుకోలేకపోయారు. కాబట్టి పెళ్లిచూపులయ్యాక క్విజ్ నింపి పొంతన తేల్చేద్దామనుకోవడం అత్యాశే.

అడిగి తీరాల్సినవి మాత్రం కొన్ని ఉన్నాయి. పిల్లలు ఎప్పుడు కావాలి, అసలు కావాలా. గర్భనిరోధం ఎవరు, ఏది. ఇద్దరికీ ఉన్న ఆరోగ్య సమస్యలు, హెచ్‌ఐవీ పరీక్ష. ఈ పెళ్లి నిజంగా ఇష్టంతోనే చేసుకుంటున్నారా, మనసు వేరేచోట ఉందా, ఆకర్షణ అసలు ఆడవాళ్ల మీదా మగవాళ్ల మీదా. ముహూర్తం పెట్టిన రాత్రే అన్నీ జరిగిపోవాలని ఎవరైనా ఆశిస్తున్నారా అన్నది కూడా అడగండి. ముక్కూమొహం తెలియని ఇద్దరిని గదిలోకి పంపి బయట చుట్టాలు కాపలా కాసే ఆచారం వల్ల కొత్త జంటలు పడే ఒత్తిడి అంతా ఇంతా కాదు. "తొందరేం లేదు" అని ముందే ఇద్దరూ అనుకుంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోవచ్చు.

ఆయన గల్ఫ్‌లో, నేను ఊళ్లో. రెండేళ్లకోసారి వస్తారు. మాకు ఇవి వర్తిస్తాయా?

ఇంకా ఎక్కువగా వర్తిస్తాయి. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లిన మగవాళ్ల ఇళ్లలోనూ, కడప, కోనసీమల నుంచి కువైట్‌కు వెళ్లిన ఆడవాళ్ల ఇళ్లలోనూ మూడో అంకె పాతబడిపోయి ఉంటుంది. వెళ్లేముందు తెలిసిన మనిషే వస్తుందనుకుంటారు. వచ్చేది రెండేళ్లు వేరే బతుకు బతికిన మనిషి. సెలవు నలభై రోజులే కాబట్టి మొదటి రాత్రి నుంచే అంతా కావాలని ఒకరు, ముందు కొంచెం అలవాటు పడనీ అని ఇంకొకరు. దిగేలోపే ఫోన్‌లో ఈ ఒక్క సంగతైనా మాట్లాడుకోండి. రాతలూ ఫొటోలూ వద్దు, మాట చాలు. హైదరాబాద్‌లో ఒకరు పగలు, ఒకరు నైట్ షిఫ్ట్ చేసే జంటల పరిస్థితీ దాదాపు ఇంతే, విమానం ఒక్కటే తక్కువ.

యాప్‌లు, ఆన్‌లైన్ క్విజ్‌లు వాడొచ్చా?

కొన్నిటిలో ఒక మంచి పద్ధతి ఉంది. ఇద్దరూ విడివిడిగా "సరే, చూద్దాం, వద్దు" అని గుర్తుపెడతారు. ఇద్దరూ సరే అన్నవే తెరమీద కనిపిస్తాయి, ఒక్కరే సరే అన్నది బయటపడదు. సిగ్గుపడేవాళ్లకు ఇది మేలు. కానీ మీ పడకగది జవాబులు ఎవరి సర్వర్‌లోనో కూర్చుంటాయి. అసలు పేరు, ఫోన్ నంబరు ఇవ్వకుండా వాడలేని యాప్‌ను వదిలేయండి. "మీ పొంతన 87 శాతం" అని తేల్చే క్విజ్‌లు కాలక్షేపానికి పనికొస్తాయి.

స్వలింగ జంటలకు ఇవి పనికొస్తాయా?

ఇంట్లో చేసుకునే కాగితం పద్ధతి యథాతథంగా పనికొస్తుంది. అచ్చయిన పాత ప్రశ్నావళులు చాలావరకు ఆడ–మగ జంటలను దృష్టిలో పెట్టుకుని రాసినవి, కొన్ని ప్రశ్నలు అతకవు. వాటి మార్కులను పట్టించుకోకండి.

నాకు ఇష్టం లేనిదాన్ని తను పదేపదే అడుగుతున్నారు. సగం సగం రాజీ పడాలా?

వద్దు. ఎన్నిసార్లు, ఏ వేళ లాంటివాటిలో సర్దుబాటు ఉంటుంది. "వద్దు" అన్నదానికి సగం ఉండదు, దాన్ని 0 మార్కుగా పట్టికలో చేర్చి బేరం మొదలుపెట్టకూడదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఇష్టం లేనప్పుడు భర్తకు వద్దని చెప్పగలమని 82 శాతం స్త్రీలు అన్నారు. భర్తకు సుఖవ్యాధి ఉన్నా, వేరే సంబంధం ఉన్నా, తాను అలసిపోయినా లేదా మూడ్ లేకపోయినా భార్య కాదనడం సబబేనని, మూడు సందర్భాలనూ ఒప్పుకున్న స్త్రీలు 80 శాతం. మగవాళ్లలో అది 66 శాతమే.

చట్టం ఇంకా వెనకే ఉంది. 18 నిండిన భార్యతో భర్త బలవంతపు కలయికను భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ అత్యాచారంగా చూడదు. అయితే 2005 గృహహింస చట్టం లైంగిక హింసను గృహహింసగానే గుర్తిస్తుంది, దాని కింద రక్షణ ఉత్తర్వులు కోరవచ్చు. కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ఒక మనిషి శరీరం మీద నిర్ణయం రాజ్యం చేతికి వెళ్లకూడదన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మళ్లీ నిలబెట్టింది. బలవంతం, బెదిరింపు ఉంటే ఈ పేజీలోని కాగితం ఆటలన్నీ పక్కనపెట్టి 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ప్రమాదం ఉంటే 112.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

నొప్పి ఉంటే వెంటనే. "మొదట్లో అంతే" అని ఓర్చుకోమనే సలహా తప్పు. ప్రసవం తర్వాత, పాలిచ్చేటప్పుడు, ముట్లుడిగాక పొడిబారడం వల్ల నొప్పి రావొచ్చు, దానికి సులువైన మందులున్నాయి. మగవాళ్లలో అంగస్తంభన సమస్యకు షుగర్, బీపీ, పొగతాగడం కారణం కావొచ్చు. గుండె రక్తనాళాల జబ్బుకు అది ముందే వచ్చే హెచ్చరిక కూడా కావొచ్చు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కోరికను తగ్గిస్తాయి, సొంతంగా ఆపేయకుండా రాసిచ్చిన డాక్టరుకే చెప్పండి.

గైనకాలజిస్టు, యూరాలజిస్టు, సైకియాట్రిస్టు ఈ ముగ్గురిలో ఎవరి దగ్గర మొదలుపెట్టినా ఫరవాలేదు. బస్టాండు గోడల మీద "శాశ్వత పరిష్కారం" అని రాసుకునే లాడ్జి వైద్యుల దగ్గర మాత్రం వద్దు. ధాతువు (వీర్యం) పోతే నీరసం వస్తుందన్న భయం మీదే వాళ్ల వ్యాపారం. ఆ భయాన్ని సైకియాట్రీలో ఎన్.ఎన్. విగ్ 1960లోనే ధాత్ సిండ్రోమ్ అని గుర్తించారు, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. మనసు సంగతులు ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు.

ఎన్నాళ్లకొకసారి ఇలా కొలుచుకోవాలి?

తేదీ పెట్టుకోనక్కర్లేదు. పాప పుట్టాక, ఆపరేషన్ తర్వాత, ఉద్యోగం మారినప్పుడు, పిల్లలు హాస్టల్‌కు వెళ్లినప్పుడు ఒకసారి చూసుకోండి. పాత మార్కులతో పోల్చొద్దు. అందుకే కాగితాలు చింపేయమన్నది.